మా చుక్కకి కడుపు ఇన్ఫెక్షన్: కళ్ళారా చూసి కూడా గుర్తుపట్టలేకపోయిన లక్షణాలు

మా కుక్క చుక్కకి నాలుగేళ్ళు. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని మా పాప పెట్టిన పేరు. టీకాలన్నీ వేళకి వేయించాం, నులిపురుగుల మందు ఎప్పుడూ తప్పలేదు, పెద్దగా జబ్బు పడ్డదీ లేదు. అందుకేనేమో, దానికి ఏదో తేడా చేస్తోందని మొదటి ముప్పై గంటలు నా బుర్రకి ఎక్కలేదు. ఆ ముప్పై గంటల గురించే ఎక్కువగా రాస్తాను. ఎందుకంటే తర్వాత డాక్టర్ గారు అడిగిన ప్రతి ప్రశ్నకీ నా దగ్గర జవాబు ఉంది. "పెదాలు నాక్కుందా?" నాక్కుంది. "ముందుకాళ్ళు చాపి వంగిందా?" వంగింది. అన్నీ నా కళ్ళ ముందే జరిగాయి. ఒక్కదాన్నీ జబ్బు లక్షణం అనుకోలేదు.

మొదలైంది ఆదివారం సాయంత్రం. గంటసేపు బయటికి వెళ్ళి వచ్చేసరికి చెత్త సంచి చించేసి ఉంది. అందులో పచ్చి చికెన్ తోలు, కొవ్వు ముక్కలు, మాంసం తెచ్చిన కవరు ఉన్నాయి. తోలు ముక్క ఒక్కటి కూడా మిగల్లేదు. కవరు సగమే దొరికింది. కోప్పడి, నేల తుడిచి, ఊరుకున్నాం. సోమవారం మామూలుగా తింది, ఆడింది. మంగళవారం పగలంతా కూడా బాగానే ఉంది. దాంతో ఆ చెత్త సంచి సంగతే మర్చిపోయాను. గురువారం డాక్టర్ గారు "ఈ వారంలో ఏమైనా తినకూడనిది తిందా?" అని అడిగినప్పుడు నేను "నిన్నా మొన్నా ఏం తినలేదండీ" అనేశాను. మా ఆయన పక్కన ఉండి "ఆదివారం..." అని గుర్తు చేయకపోతే ఆ ముక్క ఆవిడకి తెలిసేదే కాదు. ఇలాంటి సూక్ష్మజీవులు కడుపులోకి వెళ్ళిన గంటలోనే బయటపడాలని లేదట. రెండు మూడు రోజులు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుందట. కాబట్టి వెనక్కి వారం రోజులు గుర్తు చేసుకుని మరీ వెళ్ళండి.

మంగళవారం రాత్రి రెండు గంటలకి ఆ చప్పుడుకి మెలకువ వచ్చింది. కుక్కలున్న ఇళ్ళలో ఆ చప్పుడు అందరికీ తెలుసు. పొట్ట లోపలికి లాగి, మెడ చాచి, గడగడమని. పసుపుపచ్చ నురగ కక్కింది. ఖాళీ కడుపుకి పసరు పడిందిలే అనుకుని తుడిచేసి పడుకున్నాను.

బుధవారం పొద్దున గిన్నె ముందు నిలబడింది, వాసన చూసింది, మొహం పక్కకి తిప్పేసుకుంది. అప్పుడు దాని నోరు గమనించాను. నాలుకతో పెదాలు నాక్కుంటోంది, గుటకలు మింగుతోంది, మళ్ళీ నాక్కుంటోంది. నోట్లో ఏమీ లేదు. అది కడుపులో వికారానికి గుర్తని నాకు తెలియదు. బయటికి తీసుకెళ్తే మూత్రానికి కూడా ఆగకుండా గడ్డి దగ్గరికి పరుగెత్తి, ఆబగా నమిలి, మళ్ళీ కక్కింది. గడ్డి తిని కక్కింది కదా, ఇక తేలిక పడుతుందిలే అనుకున్నాను. మధ్యాహ్నం దాని పరుపు మీద లేదు. మంచం కింద, గోడ వైపు మొహం పెట్టుకుని పడుకుంది. ఎండకి అనుకున్నాను.

సాయంత్రం జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. చుక్క హాల్లోకి వచ్చి ముందుకాళ్ళు రెండూ నేల మీద చాపి, ఛాతీ నేలకి ఆనించి, వెనకభాగం పైకెత్తి నిలబడింది. "అమ్మా, చుక్క ఆడుకుందాం రమ్మంటోంది!" అని పాప బంతి తెచ్చింది. నిజమే, ఆటకి పిలిచేటప్పుడు కుక్కలు అలాగే వంగుతాయి. కానీ ఆటకి వంగిన కుక్క తోక ఊపుతుంది, కళ్ళలోకి చూస్తుంది, మరుక్షణం గెంతుతుంది. ఇది తోక ఊపలేదు. కళ్ళు నేలకేసి ఉన్నాయి. నిమిషం దాకా అలాగే ఉండి, మెల్లగా లేచి, రెండడుగులు వేసి, మళ్ళీ అలాగే వంగింది. కడుపునొప్పికి అలా చేస్తాయట. పొట్ట మీద ఒత్తిడి తగ్గించుకోవడానికి. బంతి దాని ముందు దొర్లి ఆగిపోయింది. దాని వైపు చూడనైనా లేదు.

రాత్రి ఏడింటి నుంచి విరేచనాలు. మొదటిది పల్చగా, కాస్త ఎక్కువే. తర్వాత గంటకీ గంటన్నరకీ ఒకసారి తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడేది. బయటికి తీసుకెళ్తే నడుం వంచి చాలాసేపు ముక్కేది, తీరా చూస్తే చెంచాడు. అదీ మామూలు మలం కాదు. బంకగా, జిగటగా, కోడిగుడ్డు తెల్లసొనలా మెరుస్తూ. పదకొండింటికి టార్చి వేసి చూస్తే ఆ జిగటలో ఎర్రటి దారప్పోగుల్లాంటి చారలు. అక్కడే నా గుండె గుభేలుమంది.

ఆ తేడా గురించి డాక్టర్ గారు తర్వాత చెప్పినది ఇక్కడే రాసేస్తాను. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ, ముక్కుతూ, జిగటతో, ఎర్రటి రక్తంతో వెళ్తుంటే ఇబ్బంది ఎక్కువగా పెద్దపేగులో ఉన్నట్టు. నీళ్ళలా ఒక్కసారే ఎక్కువగా వెళ్తే చిన్నపేగు. తారులా నల్లగా, బంకగా ఉంటే పైన, అంటే పొట్టలోనో చిన్నపేగులోనో రక్తం కారి జీర్ణమై వస్తున్నట్టు. ఎర్రగా కనిపిస్తే అందరూ కంగారుపడి పరుగెత్తుకొస్తారు, నల్లగా కనిపిస్తే రక్తమని తెలియక ఇంట్లోనే ఉండిపోతారు అన్నారావిడ.

ఆ రాత్రి నేను చేసిన అసలు తప్పు నీళ్ళ దగ్గర. చుక్క గిన్నెడు నీళ్ళు గటగటా తాగేసేది. ఐదు నిమిషాల్లో మొత్తం కక్కేసేది. నేను మళ్ళీ గిన్నె నింపేదాన్ని. "నీళ్ళు తాగుతోంది కదా, ఫరవాలేదు" అని మా ఆయనకి ధైర్యం చెప్పాను కూడా. తాగడమే చూశాను తప్ప ఒంట్లో ఎంత నిలుస్తోందో లెక్క చూడలేదు. పొట్ట నిండా నీళ్ళు పడితే ఆ సాగుడికే మళ్ళీ వాంతి వస్తుందట. రెండు మూడు చెంచాల నీళ్ళు, పదిహేను ఇరవై నిమిషాలకోసారి ఇచ్చి చూడాల్సింది. అది కూడా నిలవకపోతే తెల్లారేదాకా ఆగకుండా రాత్రే ఫోన్ చేయాల్సింది.

అర్ధరాత్రి మా ఆయన మందుల డబ్బా తెచ్చారు. విరేచనాలు కట్టడానికి మనం వేసుకునే మాత్ర చూపించి, "సగం వేద్దామా?" అన్నారు. నాకూ వేయాలనే ఉంది, కానీ చెయ్యి రాలేదు. వద్దండీ, పొద్దున అడిగి వేద్దాం అన్నాను. ఈ మొత్తం వ్యవహారంలో నేను సరిగ్గా చేసిన పని ఇదొక్కటే. ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు పేగు కదలికని ఆపేస్తే ఆ సూక్ష్మజీవులు, వాటి విషం లోపలే ఉండిపోతాయట. పైగా కోలీ జాతి కుక్కల్లో కొన్నిటికి జన్యుపరంగా ఆ మందు మెదడుకి ఎక్కి ప్రాణం మీదకి వస్తుందట.

గురువారం తెల్లవారుజామున నాలుగున్నరకి చుక్క వణుకుతోంది. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. పై పెదవి ఎత్తి చిగురు మీద వేలు పెట్టాను. ఎప్పుడూ తడితడిగా, జారుడుగా ఉండే చిగురు వేలికి అతుక్కుంది. సరిగ్గా ఆ అతుక్కోవడమే నన్ను మేల్కొలిపింది. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, మళ్ళీ గులాబీరంగు రావడానికి రెండు సెకన్లు దాటింది. మెడ వెనక చర్మం పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకోలేదు, మడత అలా నిలబడి నెమ్మదిగా దిగింది. థర్మామీటరుకి కాస్త వాజెలిన్ రాసి వెనకనుంచి పెట్టి చూస్తే 103.9. కుక్కలకి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటుంది. ముక్కు మాత్రం చల్లగా, తడిగానే ఉంది. ముక్కు తడిగా ఉంటే జ్వరం లేనట్టేనని చిన్నప్పటి నుంచీ నమ్మాను. ఆ నమ్మకం ఆరోజుతో పోయింది.

ఏడింటికి ఆస్పత్రికి ఫోన్ చేశాను. ఫోన్ ఎత్తినమ్మాయి మూడే అడిగింది. నీళ్ళు నిలుస్తున్నాయా, మలంలో రక్తం ఉందా, టీకాలు వేయించారా. "వెంటనే తీసుకురండి, వచ్చేముందు చెత్తబుట్టలో ప్యాకెట్ ముక్కలు, మందులు, ఎలకల మందు లాంటిది ఏదైనా మాయమైందేమో ఒకసారి చూసుకోండి. తాజా మలం కొంచెం శుభ్రమైన మూత డబ్బాలో పెట్టుకు రండి" అంది. నేను రాత్రి టిష్యూ కాగితంలో దాచినది కూడా పట్టుకెళ్ళాను. అది పనికిరాలేదు. కాగితం తడి పీల్చేస్తుంది, ఎండిపోతే ఈ సూక్ష్మజీవుల్లో కొన్ని బతకవు, అప్పుడు పరీక్షలో ఏమీ కనిపించదు. బయల్దేరే ముందు పట్టిన డబ్బాలోదే పనికొచ్చింది. నిజానికి అన్నిటికంటే పనికొచ్చినవి నా ఫోన్లోని ఫోటోలు. సిగ్గుపడుతూనే చూపించాను. డాక్టర్ గారు వాటిని పెద్దవి చేసుకుని మరీ చూశారు.

ఎనిమిదింటికల్లా అక్కడున్నాం. లోపలికి అడుగుపెట్టగానే "రక్త విరేచనాలు" అన్నానో లేదో, "ఇక్కడ కూర్చోవద్దమ్మా" అని మమ్మల్ని పక్కనున్న వేరే గదికి పంపేశారు. నాకు చిన్నతనంగా అనిపించింది. పార్వో అనే వైరస్ జబ్బు అయితే మిగతా కుక్కలకి అంటుకుంటుందని, తేలేదాకా అందరినీ అలాగే విడిగా ఉంచుతారట. ఆ గదిలో యాభై నిమిషాలు. చుక్క నా ఒళ్ళో తల పెట్టుకుని ఉంది. తన పేరు పిలిస్తే చెవి కదపలేదు.

డాక్టర్ గారు వచ్చి ముందు బరువు తూచారు. పోయిన నెల 18.4 కిలోలు, ఇప్పుడు 17.1. అందులో చాలావరకు ఒంట్లోంచి పోయిన నీరే. పొట్ట మెల్లగా తడిమారు, చుక్క మూలిగి గట్టిగా బిగదీసుకుంది. ఆ తర్వాత వరసగా పరీక్షలు. నాకు ఒక్కొక్కటీ ఎందుకో చెప్పమని అడిగాను, ఆవిడ విసుక్కోకుండా చెప్పారు. పార్వో కిట్ పది నిమిషాల్లో తేలింది, లేదు. రక్తపరీక్షలో కణాలు, ఉప్పులు, కిడ్నీ, చక్కెర. పాంక్రియాస్ (క్లోమం) వాపు ఉన్నా ఇలాగే వాంతులు, వంగడాలు ఉంటాయి కాబట్టి దానికో పరీక్ష, అదీ లేదు. కవరు ముక్క మింగి ఉంటే పేగు మూసుకుపోయి ఉండొచ్చని ఎక్స్‌రే. ప్లాస్టిక్ నేరుగా ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు గానీ, అడ్డం పడిన చోటికి పైన పేగు గాలితో ఉబ్బి కనిపిస్తుందట. అలాంటిదేమీ లేదు. పదకొండు దాటింది అన్నీ తేలేసరికి.

చివరికి మలం కొంచెం గాజుపలక మీద పెట్టి మైక్రోస్కోపులో చూసి, "జియార్డియా లాంటి పరాన్నజీవులు కనపడటం లేదు. ఎగిరే కొంగ రెక్కల్లా వంకర తిరిగిన బ్యాక్టీరియా చాలా ఉంది. క్యాంపిలోబ్యాక్టర్ అని నా అనుమానం. సాల్మొనెల్లా, క్లాస్ట్రీడియం కూడా ఇలా చేయగలవు. అందుకని, బ్యాక్టీరియాని ల్యాబులో పెంచి చూసే కల్చర్‌కి పంపుతాను, రిపోర్టుకి ఐదారు రోజులు పడుతుంది" అన్నారు.

ఇక్కడ నాకూ ఆవిడకీ చిన్న వాదన జరిగింది. సెలైన్ పెడతాను, వాంతికి ఇంజెక్షన్ ఇస్తాను, పేగుకి మేలు చేసే ప్రోబయోటిక్ పొడి ఇస్తాను అన్నారు. యాంటీబయాటిక్ మాట లేదు.

"బ్యాక్టీరియా అంటున్నారు, జ్వరం ఉంది, రక్తం పడుతోంది. మరి యాంటీబయాటిక్ ఇవ్వరేంటండీ?" అన్నాను. గొంతు కాస్త లేచింది కూడా.

ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నారు. "ఇప్పుడు దీన్ని పడగొట్టింది నీళ్ళు పోవడమమ్మా. ఆ నీళ్ళు ఎక్కిస్తే చాలావరకు కుక్కలు వాటంతటవే కోలుకుంటాయి. యాంటీబయాటిక్ వేస్తే చెడ్డదాంతో పాటు పేగులోని మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది, అది మళ్ళీ కుదురుకోవడానికి వారాలు పడుతుంది. అవసరం లేనప్పుడు వాడితే రేపు నిజంగా కావలసినప్పుడు పని చేయకపోవచ్చు. తెల్లకణాలు కొంచెమే పెరిగాయి, బీపీ బాగుంది. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకిన సూచనలు ఇప్పటికి లేవు. రేపు పొద్దున మళ్ళీ చూస్తాను. జ్వరం దిగకపోయినా, కణాలు బాగా తగ్గినా, పెరిగినా అప్పుడు నేనే మొదలుపెడతాను."

అర్థమైంది. కానీ మనసు ఒప్పుకోలేదు. మందు ఇవ్వకుండా పంపేస్తున్నారన్న భావన రాత్రిదాకా పోలేదు.

వాంతి ఆగడానికి వేసిన ఇంజెక్షన్‌కి చుక్క కెవ్వుమంది. ఎన్ని టీకాలకీ కిక్కురుమనని కుక్క. ఆ మందు బాగా మండుతుందట, ముందే చెప్పి ఉంటే నేను అంత హడలిపోయేదాన్ని కాదు. ముందుకాలు మీద వెంట్రుకలు గొరిగి, సెలైన్ ఎక్కించే సన్నటి గొట్టం, క్యాన్యులా పెట్టారు. సాయంత్రం ఎనిమిది దాకా అక్కడే ఉంచాలి, మీరు వెళ్ళి రండి అన్నారు. మెడ పట్టీ విప్పి నా చేతికిచ్చారు. ఆ పట్టీ ఇంకా వెచ్చగా ఉంది. బయటికొచ్చి అది పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

రాత్రి ఎనిమిదింటికి తీసుకొచ్చాం. కాలికి క్యాన్యులా అలాగే ఉంచి కట్టు కట్టారు, రేపటికి కావాలి కాబట్టి. నాకకుండా మెడకి గరాటు. కట్టుకి పైన గానీ కింద గానీ కాలు వాచితే వెంటనే ఫోన్ చేయమన్నారు. ఎవరూ చెప్పని సంగతి ఏమిటంటే, రోజంతా సెలైన్ ఎక్కిన కుక్క రాత్రంతా మూత్రం పోస్తూనే ఉంటుంది. తలుపు దాకా కూడా వెళ్ళలేకపోయింది. పరుపు, చాప, నా దుప్పటి, అన్నీ తడిసిపోయాయి. కిడ్నీలు పని చేస్తున్నాయనడానికి అదే గుర్తని పొద్దున విన్నాను కాబట్టి, ప్రతిసారీ దుప్పటి మారుస్తూ దాని వీపు నిమిరాను. పన్నెండు నుంచి నాలుగు దాకా ఒక్క వాంతీ లేదు. ఫోన్లో మా అమ్మ "జ్వరం మాత్ర చిన్న ముక్క వేయరాదే" అంది పాపం. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటి మన మాత్రలు కుక్కకి విషంతో సమానమని, చిటికెడు కూడా వద్దని ఆస్పత్రిలో మరీ మరీ చెప్పి పంపారు. పదకొండింటికి 103.1. శుక్రవారం పొద్దున ఆరింటికి 102.4. నేను రెండుసార్లు చూశాను, తప్పు చూశానేమోనని.

శుక్రవారం రక్తం మళ్ళీ తీశారు. తెల్లకణాలు పెరగలేదు, పొటాషియం కొంచెం తగ్గింది, దాన్ని సెలైన్‌లో కలిపారు. "యాంటీబయాటిక్ అక్కర్లేదమ్మా" అన్నప్పుడు ఆవిడ మొహంలో కూడా కాస్త తెరిపి కనిపించింది. జిగట విరేచనాలు రోజుకి పదకొండు నుంచి నాలుగుకి దిగాయి. నేను ఫ్రిజ్ మీద కాగితం అంటించి టైము, రంగు, ఎంత, రక్తం ఉందా లేదా అని రాస్తూ వచ్చాను. రాయకపోతే మనసు ఒక్కో పూట ఒక్కోలా చెప్తుంది.

ఒకరోజు పస్తు పెట్టాలేమో అనుకున్నాను. పాత పద్ధతి అదేనట. ఇప్పుడు వాంతి ఆగిన వెంటనే కొంచెం కొంచెం పెట్టమంటున్నారు, పేగు లోపలి పొర తిండితోనే కోలుకుంటుందని. చిన్న కుక్కపిల్లల్ని అసలు పస్తు ఉంచకూడదు, చక్కెర పడిపోతుంది. తోలు, ఉప్పు, నూనె లేని ఉడికించిన చికెన్, మెత్తటి అన్నం, రెండు గంటలకోసారి ఒక పెద్ద చెంచాడు. తీరా పెడితే చుక్క తన గిన్నె చూసి వెనక్కి నడిచింది. ఆకలేస్తోంది, చొంగ కారుతోంది, గిన్నె దగ్గరికి మాత్రం రాదు. వికారంగా ఉన్నప్పుడు ఎదురుగా పెట్టిన గిన్నె మీద, ఆ తిండి మీద వాటికి విరక్తి పుడుతుందట. ఆ గిన్నె పక్కన పెట్టేసి, వేరే గదిలో, అరచేతిలో రెండు మెతుకులు పెట్టి చూపించాను. వాసన చూసింది. నాలుక కొనతో ఒక మెతుకు తీసుకుంది. కాసేపాగి ఇంకోటి. నా అరచెయ్యంతా నాకేసింది.

శనివారం క్యాన్యులా తీసేశారు. ఆ రోజుకి సరిపడా సెలైన్ వీపు చర్మం కింద ఎక్కించారు. ఇంటికొచ్చాక చూస్తే ఒంటె మూపురంలా గడ్డ. సాయంత్రానికి ఆ గడ్డ జారి కుడి ముందుకాలి దగ్గరికి దిగింది. నేను కంగారుగా ఫోన్ చేస్తే, నీళ్ళు కదా కిందికే దిగుతాయి, తెల్లారేసరికి ఒంట్లోకి ఇంకిపోతాయి అన్నారు. ఇంకిపోయాయి.

తర్వాతి బెంగ ఇంకోటి. ఆదివారం మలం రాలేదు. సోమవారం రాలేదు. అన్ని విరేచనాలు చూసి, ఇప్పుడు రావడం లేదని బయట నిలబడి ఎదురుచూశాను. పేగు ఖాళీ అయిపోయింది, తింటున్నది కొంచెమే, రెండు మూడు రోజులు పడుతుంది, ముక్కుతూ బాధపడితేనే ఫోన్ చేయమన్నారు. మంగళవారం పొద్దున వచ్చింది. మెత్తగా ఉన్నా రూపం ఉంది. జిగట లేదు, ఎరుపు లేదు. ఫోటో తీసి ఆస్పత్రికి పంపాను, మా ఆయనకి పంపాను, మా అమ్మకి కూడా పంపాను.

కల్చర్ రిపోర్టు బుధవారం మధ్యాహ్నం వచ్చింది. క్యాంపిలోబ్యాక్టర్ జెజునై. సాల్మొనెల్లా లేదు. అప్పటికి చుక్క మూడు పూటలా తింటోంది. ఇన్ని రోజులు ఎదురుచూసిన ఆ పేరు తీరా వచ్చాక దాని వైద్యంలో ఏమీ మారలేదు. ఆరోగ్యంగా ఉన్న కుక్కల మలంలో కూడా ఇది కనిపిస్తుందట. అందుకని ఒక్క రిపోర్టు పట్టుకుని ఇదే కారణమని వంద శాతం చెప్పలేమని, లక్షణాలు, పచ్చి తోలు, మైక్రోస్కోపులో చూసింది అన్నీ కలిపి చూస్తే ఇదేనని అన్నారు.

మారింది మా ఇంటి సంగతి. ఇది మనుషులకీ అంటుకుంటుంది. అందులో మాకు ఆరేళ్ళ పాప. కుక్క బాగైపోయాక కూడా కొన్ని వారాలపాటు మలంలో ఈ బ్యాక్టీరియా పోతూ ఉండొచ్చు. కాబట్టి మలం వెంటనే ఎత్తేయడం, చేతికి తొడుగులు, సబ్బుతో చేతులు కడుక్కోవడం, చుక్క గిన్నెలు మా గిన్నెలతో కలపకపోవడం, దాని పరుపు వేడినీళ్ళలో ఉతకడం, వెనకభాగం వెంట్రుకలు కత్తిరించి కడగడం. నేల మీద మలం గానీ సబ్బు గానీ మిగలకుండా ముందు శుభ్రంగా కడిగాకే బ్లీచింగ్ నీళ్ళు, మురికి మీద పోస్తే అది సరిగ్గా పని చేయదు. పాపకి విరేచనాలు, జ్వరం వస్తే ఇంట్లో కుక్కకి ఇది వచ్చిందని పిల్లల డాక్టరుకి తప్పకుండా చెప్పమన్నారు. అన్నిటికంటే కష్టమైనది, చుక్క మొహం నాకితే ఒప్పుకోవద్దని పాపకి చెప్పడం. మూడు వారాలు. క్యాలెండర్ మీద తనే గళ్ళు కొట్టుకుంటోంది.

ఖర్చు గురించి ఒక మాట. మొత్తంలో సగానికి పైగా మొదటి రోజు పరీక్షలకే అయింది, తర్వాత రెండు రోజుల సెలైన్‌కి. మందులకి అయింది చాలా తక్కువ. కల్చర్ బయటి ల్యాబుకి వెళ్తుంది కాబట్టి దాని డబ్బు విడిగా, ముందే కట్టించుకున్నారు. మొదట్లోనే "ఈరోజు తప్పనిసరైనవి ఏవి, రేపటిదాకా ఆగగలిగేవి ఏవి?" అని అడిగితే డాక్టర్ గారు కాగితం మీద రెండు వరసలుగా రాసిచ్చారు. అడగడానికి మొహమాటపడ్డాను గానీ, ఆ కాగితం లేకపోతే ఆ కంగారులో దేనికి సంతకం పెడుతున్నానో నాకు తెలిసేది కాదు. బుధవారం సాయంత్రమే వెళ్ళి ఉంటే బహుశా చర్మం కింద సెలైన్‌తోనే సరిపోయేదని కూడా అన్నారు. నేను అడిగాను కాబట్టి చెప్పారు.

ఇది రాస్తున్నది పద్దెనిమిదో రోజు. చుక్క బరువు 18.2. చెత్తబుట్టకి కాలితో నొక్కితే తెరుచుకునే గట్టి మూత వచ్చింది, అదీ వంటింటి తలుపు వెనక. రోజూ పొద్దున పై పెదవి ఎత్తి చిగురు తడిమి చూడటం నాకు అలవాటైపోయింది. తడిగా, జారుడుగా వేలికి తగిలితేనే మిగతా పని. నిన్న కూడా మలం ఫోటో తీసి డాక్టర్ గారికి పంపాను. "చాలా బాగుంది. ఇక ఫోటోలు పంపక్కర్లేదమ్మా" అని జవాబొచ్చింది.